కాలముద్ర: వీడియో పెట్టెలో బొమ్మకు, ధ్వనికి పొత్తు

పెండ్లి శుభలేఖలలో ముహూర్తమును గంటలు, నిమిషములతో అచ్చువేయుదురు. పంచాంగములో తిథినక్షత్రముల అంత్యమును ఘడియలు, విఘడియలతో చూపుదురు. ఒక అహోరాత్రమునకు 60 ఘడియలు, ఒక ఘడియకు 60 విఘడియలు. అనగా ఘడియ నేటి 24 నిమిషములు. విఘడియ నేటి 24 సెకండ్లు. సూర్యసిద్ధాంతము ఇంకను క్రిందికి దిగి, విఘడియలో ఆరవ వంతును ప్రాణమనినది. అది నేటి 4 సెకండ్లు. ప్రాణము మొదలుకొని పైనున్న కాలము మూర్తమనియు, త్రుటి మొదలైన సూక్ష్మకాలము అమూర్తమనియు ఆ గ్రంథము విభజించినది. వ్యవహారమునకు పట్టుబడు కాలమొకటి, పట్టుబడని కాలమొకటి అని భావము.

పట్టుబడదనుకొన్న ఆ సూక్ష్మకాలమే నేడు మన ఇండ్లలోని వీడియో ఫైళ్లలో అంకెలుగా మారి కూర్చున్నది. ఆ అంకెలను ఎంత సూక్ష్మముగా వ్రాయవలెను, ఎంత స్థూలముగా వ్రాసినను చెల్లును, తప్పు వ్రాసినచో ఏమి చెడును అనునవి ఈ ప్రసంగములో మేము వివరింపదలచిన విషయములు. ఇది యంత్రములు నిర్మించువారికి మాత్రమే సంబంధించిన మాట కాదు.

ఖమ్మం జిల్లాలో సత్తుపల్లికి చేరువనున్న వేంసూరులో గాని, అక్కడినుండి భద్రాచలము వరకు అడవుల అంచున నున్న పల్లెలలో గాని నేడు పెండ్లి జరిగినచో, దానిని పట్టియుంచునది వీడియో. ఊరి పెద్దలు పాడు నాట్లపాటలను, ముసలమ్మల మంగళహారతులను మనుమలు సెల్‌ఫోనుతో పట్టుకొనుచున్నారు. ఆ పాట తెలిసినవారు దాటిపోయిన తరువాత ఆ ఇంటికి మిగులునది ఆ ఫైలు ఒక్కటే. మాంగల్యధారణ వేళ గట్టిమేళము మ్రోగవలెను. బొమ్మలో వరుడు మూడవ ముడి వేసి చేయి తీసిన తరువాత మేళము వినవచ్చినచో చూచువారి మనస్సు చివుక్కుమనును. అవ్వ పెదవి కదలుట యొకటి, పాట వినబడుట యొకటి అయినచో, ఆమె పాడుచున్నట్లు కాక ఆమెపై ఎవరో పాడుచున్నట్లు తోచును. ఈ చిక్కునకు బొమ్మ చెడుట గాని, ధ్వని చెడుట గాని కారణము కానక్కరలేదు. పెక్కుమారులు రెండును నిక్షేపముగానే యుండును. వాటిపై వేసిన కాలముద్రలు మాత్రము తప్పి యుండును.

కాలముద్ర యననేమి? వీడియో ఫైలు ఒక పెట్టె వంటిది. దానిని కంటైనరు అందురు. ఎంపీ4, మట్రోస్కా అనునవి అట్టి పెట్టెల పేర్లు. రష్యా దేశపు బొమ్మలలో ఒకదాని కడుపులో ఒకటి ఇమిడియుండు మాత్రోష్కా బొమ్మను తలచి 2002లో మట్రోస్కాకు ఆ పేరు పెట్టిరి. పెట్టెలో బొమ్మల వరుస యొకటి, ధ్వని వరుస యొకటి, కావలసినచో క్రింద కనబడు అక్షరముల వరుస యొకటి ఉండును. ప్రతి బొమ్మకును, ప్రతి ధ్వనిఖండమునకును 'దీనిని ఫలానా క్షణమున చూపుము, ఫలానా క్షణమున వినిపింపుము' అని ఒక అంకె వ్రాసియుండును. అదియే కాలముద్ర, టైమ్‌స్టాంప్. బొమ్మయు ధ్వనియు ఒకదానినొకటి ఎరుగవు. రెండును తమ తమ ముద్రలను చూచుకొని గడియారమును అనుసరించుటయే వాటి మధ్యనున్న పొత్తు.

ఈ అంకెలు పూర్ణాంకములు. కనుక ముందుగా ఒక ప్రమాణమును ఎన్నుకొనవలెను. సెకండును ఎన్ని సమభాగములు చేయుదుమో నిర్ణయించి, ఒక్కొక్క భాగమును ఒక మాత్ర యనుకొందము. సెకండుకు వేయి మాత్రలైనచో మాత్ర ఒక మిల్లీసెకండు. ధాన్యమును సోలతోనే కొలిచెదనన్నవాడు సోలకు తక్కువైన గింజలను వదలుటయో, నిండు సోలగా లెక్కించుటయో చేయవలెను. గిద్దతో కొలిచినచో పొరపాటు తగ్గును. కాని సోలకు నాలుగు గిద్దలు గనుక లెక్క నాలుగు రెట్లు పెరుగును. కాలముద్రల సంగతియు ఇంతే.

అయితే చిన్న ప్రమాణము ఒక్కటే చాలదు. తగిన ప్రమాణము కావలెను. సంగీతము తెలిసినవారికి ఇది సులభముగా బోధపడును. తాళములో ఒక అక్షరమును నాలుగు భాగములు చేసినచో చతురశ్రగతి సరిపోవును. తిశ్రగతికి మూడు భాగములు కావలెను. నాలుగు భాగముల గీతలపై మూడు దెబ్బలను సమముగా వేయలేము. పండ్రెండు భాగములు చేసినచో రెండు గతులకును చోటు దొరకును. వీడియో ప్రమాణములను ఎన్నుకొనువారు చేయునది సరిగా ఈ లెక్కయే.

బొమ్మలకును గతులు కలవు. మాటలాడు చిత్రములు వచ్చినప్పటినుండి సినిమా నడక సెకండుకు 24 బొమ్మలు. తెలుగులో తొలి టాకీ 'భక్త ప్రహ్లాద' 1932లో వెలువడినది. టెలివిజను నడక వేరు. దానిని విద్యుత్తు నడకకు జోడించిరి. మన విద్యుత్తు సెకండుకు 50 ఆవృత్తులు గనుక మన టెలివిజను సెకండుకు 25 బొమ్మలు. అమెరికాలో 60 ఆవృత్తులు గనుక 30 బొమ్మలు. 1953లో అచ్చట రంగుల ప్రసారమునకు అంగీకరించినప్పుడు ఆ 30ని 1,001లో 1,000వ వంతుకు తగ్గించిరి. అందువలన అచ్చటి నడక సెకండుకు 29.97 అను విచిత్రసంఖ్య అయినది.

వేంసూరు నియోజకవర్గము నుండి శాసనసభకు ఎన్నికైన జలగం వెంగళరావుగారు 1973 డిసెంబరు నుండి 1978 మార్చి వరకు ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా నుండిరి. తెలుగు పల్లెలకు టెలివిజను వచ్చినది ఆ యేండ్లలోనే. 1975 ఆగస్టు 1 మొదలు 1976 జూలై 31 వరకు, ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు ఉపగ్రహము ద్వారా పాఠములు, వ్యవసాయ కార్యక్రమములు ప్రసారము చేసిరి. అందు మన రాష్ట్రపు పల్లెలును ఉండెను. 1977లో హైదరాబాదు దూరదర్శన కేంద్రము వెలసినది. ఈ ప్రసారములనుండి తరువాతి వీడియో క్యాసెట్ల వరకు మన ఇండ్లకు అలవాటైన నడక 25. నేటి సెల్‌ఫోనులు చాలవరకు 30కి దగ్గరగా నడచును. సినిమా 24తో నడచును. ఒకే ఇంటి బీరువాలో మూడు గతులును చేరియున్నవి.

ఇప్పుడు మిల్లీసెకండు ప్రమాణమును తీసికొని లెక్క వేసి చూతము. సెకండుకు 25 బొమ్మలైనచో ఒక్కొక్క బొమ్మకు సరిగా 40 మిల్లీసెకండ్లు. ముద్రలు 0, 40, 80, 120 అని ఏ శేషమును లేక సాగును. పాత క్యాసెట్టులోని పెండ్లికి ఈ ప్రమాణము చక్కగా చాలును. 24 బొమ్మలైనచో ఒక్కొక్కదానికి 41.667 మిల్లీసెకండ్లు. పూర్ణాంకముగా వ్రాయవలెను గనుక ముద్రలు 0, 42, 83, 125 అని పడును. ఒక అడుగు 42, మరియొక అడుగు 41. ప్రతి ముద్రను మొదటినుండి లెక్కించి సవరించినచో పొరపాటు ఎన్నడును అర మిల్లీసెకండును మించదు. రెండవ గంటలోనైనను అంతే. అట్టి పొరపాటును ఏ కన్నును పట్టలేదు.

కాని సవరణ చేయు పద్ధతి మారినచో ఫలితము మారిపోవును. 'బొమ్మకు 42 మిల్లీసెకండ్లు' అని ఒక్కసారి గుండ్రపరచి, ఆ 42నే కూడుచు పోయిరనుకొందము. 24 బొమ్మలకు 1,008 మిల్లీసెకండ్లగును. సెకండుకు 8 మిల్లీసెకండ్ల అధికము. గంటకు 28.8 సెకండ్లు. మూడు గంటల సినిమా తుదకు చేరునప్పటికి బొమ్మ ధ్వని కంటె 86 సెకండ్లు వెనుకబడును. బొట్టు చిన్నదే, కాని కుండ నిండినది. అందువలన నియమమిది: కాలమును గుండ్రపరచవచ్చును, గుండ్రపరచిన దానిని కూడరాదు. మొదలునుండి ఎన్నవ బొమ్మయో చూచి, అసలు భిన్నముతో గుణించి, చివరనే ఒక్కమారు గుండ్రపరచవలెను.

ఇంత చిక్కెందుకు, మాత్రను మిక్కిలి చిన్నది చేసిన సరిపోదా యని అడుగవచ్చును. సరిపోదు, ప్రతి పెట్టెలోను అంకెకు కేటాయించిన చోటు పరిమితము. మట్రోస్కాలో మాత్ర ఎంతయో ఫైలు ఆరంభముననే నానోసెకండ్లలో వ్రాయుదురు. సాధారణముగా వ్రాయు సంఖ్య 10,00,000. అనగా మాత్ర ఒక మిల్లీసెకండు. ఫైలును క్లస్టరులను గుంపులుగా విడదీసి, గుంపునకు ఒక పూర్తి కాలమును, గుంపులోని ప్రతి బొమ్మకు ఆ కాలమునుండి ఎంత ఎడమో ఒక చిన్న అంకెను వ్రాయుదురు. ఆ చిన్న అంకె 32,767 దాటరాదు. మిల్లీసెకండు మాత్ర అయినచో ఒక గుంపులో 32 సెకండ్లకు పైగా చోటున్నది. మాత్రను పదవ వంతు చేసినచో గుంపు 3.2 సెకండ్లకు కుదించుకుపోవును. మైక్రోసెకండు చేసినచో 32.8 మిల్లీసెకండ్లకే గుంపు ముగియును. 25 బొమ్మల వీడియోలో ఒక్క బొమ్మ యెడమే 40 మిల్లీసెకండ్లు! ఒక్కొక్క బొమ్మకు ఒక్కొక్క గుంపు కట్టవలసి వచ్చును. గుంపుగుంపునకు తలకట్టు అంకెలు ఉండును గనుక, ఫైలు వృథాగా పెరుగును.

ఈ పెట్టెను కట్టు ఎంకేవీమెర్జ్ అను ఉచిత సాధనము ఇందులో మంచి వివేకము చూపినది. బొమ్మలున్న ఫైలుకు అది మిల్లీసెకండును వాడును. బొమ్మలు లేక ధ్వని మాత్రమే యున్నచో, ధ్వనిలోని ఒక్కొక్క నమూనాను గుర్తింపగల సూక్ష్మప్రమాణమును తానే ఎన్నుకొనును. ఫైలు కొంత పెరిగినను, పాటను కోరిన చోట ఖచ్చితముగా తెంపుటకు, అతుకుటకు అది అవసరము. కోరినవారు ఆ ప్రమాణమును తామే మార్చుకొనుటకును వీలు కలదు.

ఎంపీ4 పెట్టె మరియొక మార్గము త్రొక్కినది. అందు ప్రతి వరుసకు తన ప్రమాణము వేరు. ధ్వని సెకండుకు 44,100 నమూనాలైనచో దానికి 44,100 మాత్రలు. 48,000 అయినచో 48,000 మాత్రలు. బొమ్మకు దాని గతికి తగినవి. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అను సాధనము 25 బొమ్మల వీడియోకు సాధారణముగా 12,800 మాత్రలు ఏర్పరచును. 25ను రెట్టింపు చేయుచు పోయి పదివేలు దాటిన చోట ఆగుటచే వచ్చిన సంఖ్య అది. బొమ్మకు సరిగా 512 మాత్రలు వచ్చును, శేషముండదు. ప్రసారములలో చిరకాలముగా వాడుచున్న ప్రమాణము సెకండుకు 90,000 మాత్రలు. అందు 24 బొమ్మలకు ఒక్కొక్కటికి 3,750, 25కు 3,600, 30కి 3,000, అమెరికా వారి 29.97కు 3,003 మాత్రలు. ఏ గతికిని శేషములేదు. తాళములో పండ్రెండు భాగములు చేసిన యుక్తియే యిది. 2018లో ఫేస్‌బుక్ సంస్థవారు 'ఫ్లిక్' అను మాత్రను ప్రకటించిరి. సెకండుకు 70,56,00,000 ఫ్లిక్కులు. బొమ్మల గతులే కాక 44,100, 48,000 వంటి ధ్వని గతులును దానిలో శేషములేక ఇముడును.

ఎంపీ4లోను చోటు పరిమితమే. కాలమును 32 ద్వ్యంకములలో వ్రాసినచో, 90,000 మాత్రల ప్రమాణమున సుమారు 13 గంటల 15 నిమిషముల వరకే లెక్క సాగును. మైక్రోసెకండు మాత్రలైనచో 71 నిమిషములకే నిండును. పెద్ద లెక్కలకు 64 ద్వ్యంకముల పద్ధతి యున్నది. ప్రసార ధారలలో 33 ద్వ్యంకములు. అది 26 గంటల 30 నిమిషములకు మరల సున్నకు వచ్చును. రోజంతయు నడచు ప్రసారమును ఫైలుగా పట్టువారు ఈ తిరుగుడును గమనింపవలెను. లేనిచో ఫైలులో కాలము హఠాత్తుగా వెనుకకు నడచినట్లగును.

ఇంతకును కంటికి చెవికి ఎంత తేడా తెలియును? చెఱువు అవతలి రేవులో బట్టలుదుకుట చూచిన వారందరికి ఒక సంగతి తెలియును. బట్ట బండపై పడుట ముందు కనబడును; చప్పుడు తరువాత వినబడును. ధ్వని సెకండుకు సుమారు 340 మీటర్లు నడచును గనుక, 170 మీటర్ల దూరమున చప్పుడు అర సెకండు ఆలస్యము. ప్రకృతిలో ధ్వని వెనుకబడుటయే కాని ముందు వచ్చుట లేదు. కనుక మన మనస్సు ధ్వని ఆలస్యమును కొంత ఓర్చుకొనును, ముందు వచ్చుటను ఓర్వదు. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘము 1998లో వెలువరించిన సూచన ప్రకారము, ధ్వని సుమారు 45 మిల్లీసెకండ్లు ముందు వచ్చినను, 125 మిల్లీసెకండ్లు వెనుకబడినను చూచువారు పసిగట్టుదురు. అనగా మిల్లీసెకండు మాత్రలో జరుగు అర మిల్లీసెకండు సవరణ మనకు ఏ హానియు చేయదు. హాని చేయునది ఆ సవరణను పోగుచేయుట.

ఇచట సూక్ష్మత వేరు, సత్యము వేరు అని గుర్తింపవలెను. పెండ్లిలో నాదస్వరమును విడిగా ఒక రికార్డరుతో, బొమ్మను కెమెరాతో పట్టిరనుకొందము. రెండింటిలోను స్ఫటిక గడియారములున్నవి. అవి పది లక్షలలో 20 వంతులు తేడాగా నడచుట సామాన్యము. ఒకటి అంతమేరకు ముందునకు నడచినచో గంటకు 72 మిల్లీసెకండ్లు. మూడు గంటల పెండ్లికి 216 మిల్లీసెకండ్లు. మొదట అతికించినప్పుడు కుదిరిన మేళము, అప్పగింతల వేళకు స్పష్టముగా తప్పును. ముద్రలను నానోసెకండ్లలో వ్రాసినను ఈ తప్పు పోదు. తప్పుగా నడచు గడియారమునకు సెకండ్ల ముల్లు అమర్చినంత మాత్రమున అది సరియైన గడియారము కాదు.

ఇంటివారికి ఉపయోగపడు పరీక్ష యొకటి చెప్పుదుము. బొమ్మకు ధ్వనికి పొత్తు తప్పినదని తోచినప్పుడు, ఫైలును మొదట, నడుమ, తుదను మూడు చోట్ల చూడవలెను. మూడు చోట్లను తేడా ఒకే విధముగా నున్నచో, ధ్వని వరుస ఆరంభము జరిగినదని అర్థము. మొత్తము వరుసను అంత మేరకు ముందునకో వెనుకకో జరిపిన చాలును. తేడా క్రమముగా పెరుగుచున్నచో, గతియే తప్పినది: 24ను 23.81గా గ్రహించుటయో, రెండు గడియారముల భేదమో కారణము. ధ్వనిని జరుపుట వలన లాభములేదు, గతిని సరిచేయవలెను. పొత్తు బాగుండి బొమ్మ మాత్రము కుదుపులతో నడచుచున్నచో, ముద్రలు మిక్కిలి స్థూలమైన మాత్రలో పడినవో, నడుమ బొమ్మలు జారినవో చూడవలెను.

మరియొక ముఖ్యవిషయము. ఒక పెట్టెలోనుండి మరియొక పెట్టెలోనికి బొమ్మలను మరల కుదింపక యథాతథముగా మార్చుట కలదు. బొమ్మ నాణ్యము చెడదు గనుక ఇది నిరపాయమని తలతురు. కాని కాలముద్రలు మాత్రము క్రొత్త ప్రమాణములోనికి మారును. 41.667 ఒకసారి 42 అయిన తరువాత, దానిని మైక్రోసెకండ్లలో వ్రాసినను 42,000 అనియే పడును. 41,667 తిరిగి రాదు. గతి స్థిరమైన సినిమాకు ఇది పెద్ద నష్టము కాదు. 24 అని తెలిసిన పిమ్మట ముద్రలన్నిటిని లెక్కతో మరల పుట్టింపవచ్చును. సెల్‌ఫోను వీడియో అట్లు కాదు. వెలుతురు తగ్గినప్పుడు ఫోను తన నడకను తానే తగ్గించుకొనును. సంధ్యవేళ వాకిట పాడిన పాటలో బొమ్మల యెడములు ఒక్కొక్కటి ఒక్కొక్క విధముగా నుండును. ఏ బొమ్మ ఏ క్షణమున పట్టుబడినదో చెప్పునవి ఆ ముద్రలు తప్ప మరి వేరు సాక్ష్యము లేదు. అట్టి ఫైలును 'సెకండుకు 30 బొమ్మలు' అని ఒకే మూసలో పోసినచో, అవ్వ పెదవులకు పాటకు మధ్య నున్న పొత్తును మనమే త్రెంచినవారమగుదుము.

కనుక ఫోనునుండి వచ్చిన మొదటి ఫైలును మార్చక, ఒకటికి రెండు చోట్ల దాచుకొనవలెను. బంధువులకు పంపుటకు, టెలివిజనులో చూచుటకు నకలు చేసికొని, మార్పులన్నియు నకలులోనే చేయవలెను. 25 బొమ్మల పాత క్యాసెట్టుకు మిల్లీసెకండు చాలును. సినిమాకు, సెల్‌ఫోనుకు శేషము మిగులని ప్రమాణము, వీలైనచో 90,000, మేలు. ధ్వని మాత్రమే యున్న పాటలకు నమూనాకు ఒక మాత్ర ఉత్తమము. అంతకు మించిన సూక్ష్మత ఫైలును లావెక్కించునే గాని పాటకు మేలు చేయదు. నకలు సిద్ధమైన పిమ్మట చివరి అయిదు నిమిషములను తప్పక చూడవలెను. మొదటి నిమిషములో దాగిన తప్పు అచ్చట బయటపడును. మొదటి ఫైలు ఇంటనే యున్నది గనుక దానిని సరిదిద్దుటకును అప్పటికి వ్యవధి యుండును.